ఏడు కన్నాలు, ఒక దువ్వెనపిట్ట

లోకంలో ఎవరికి ఏ పిచ్చి పట్టినా కళ్ళ ముందు నుంచే పడుతుంది. కత్తెర మావయ్యకి మాత్రం పిట్టల పిచ్చి వీపు వెనక నుంచి పట్టింది.

సెలూను పని అలాంటిది మరి. ముఖం గోడకి, వీపు వీధికి. వాళ్ళ నాన్న పోయి షాపు చేతికొచ్చేనాటికి ఆయనకి పందొమ్మిదేళ్ళు, ఇప్పుడు యాభై మూడు. ఈ ముప్పై నాలుగేళ్ళలో వీధిలో ఏం జరిగినా ఆయన అద్దంలోనే చూశాడు. ఎవరి స్కూటరు ఎవరి గుమ్మం ముందు ఆగింది, ఎవరి తోడికోడలు ఎవరితో మాటలు మానేసింది, అన్నీ అందులోనే తెలిసేవి. అద్దానికి పైమూల ఒక పగులుంది. ఆ మూలకొచ్చిన మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. పోస్టుమ్యాను అటు నుంచి వస్తే రెండు ఉత్తరాలొచ్చాయని సంబరపడకూడదని మావయ్యకి పెళ్ళికి ముందే తెలుసు. ఎదురుగా ఉన్న షాపుల బోర్డులు తిరగేసి చదవడం కూడా అలవాటైపోయింది. తిన్నగా రాసినది ఇస్తేనే కాస్త తడుముకుంటాడు.

మనుషుల మధ్యలో పిట్టలు కూడా కనిపించేవి. కరెంటు తీగ మీద ఏది ఏ వేళకి వాలుతుంది, ఏది ఎవరిని తరిమేస్తుంది, ఏ పిట్ట మొగుడు గూటికి పుల్లలు తెచ్చిస్తాడు, ఏ మొగుడు ఊరికే పక్కన కూర్చుని సలహాలిస్తాడు, ఇవన్నీ ఆయనకి కంఠతా వచ్చు. గెడ్డం గీస్తూ గీస్తూ ఈ సంగతులన్నీ చెబుతుంటే, మంగళవారం మంగళవారం వచ్చే పళ్ళ డాక్టరు ఒకరోజు నురగలోంచే అన్నాడు:

"మావయ్యా, ఇంత తెలిసి ఇక్కడెందుకు దాక్కున్నావు? మా పిట్టల బృందంలోకి రారాదూ?"

"నాకు కళ్ళజోడు లేదండీ, పొడుగ్గొట్టాల జోడు."

"నాది ఇస్తాలే. ముందు గెడ్డం పూర్తిచెయ్యి, అరచెంప చల్లగా ఉంది."

అలా చేరాడు. బృందంలో తొమ్మిదిమంది. పెద్ద టీచరమ్మ దానికి పెద్దదిక్కు. రిటైరై పధ్నాలుగేళ్ళయినా ఆవిడ చూపు ఇంకా హాజరు వేసేటట్టే ఉంటుంది. ఆదివారం పొద్దున్నే పంపుహౌసు వెనకున్న చెరువు దగ్గర కలుస్తారు, పిట్టల్ని లెక్కపెడతారు, చెత్త ఏరుతారు, ఎవరైనా గూడున్న చెట్టు కొట్టబోతే వెళ్ళి అడ్డం నిలబడతారు. రూల్సు మూడే. గేటు దాటాక నోరు విప్పకూడదు. కనీసం ఇద్దరు చూస్తేనే పిట్ట రిజిస్టరెక్కుతుంది. ఆరు ఆదివారాల్లో ఒక్క పిట్టనీ రిజిస్టరుకి ఎక్కించలేని మెంబరు ఏడో ఆదివారం నుంచి టీ ఫ్లాస్కు మోయాలి.

మొదటి రూలే మావయ్య ప్రాణానికొచ్చింది. సెలూనులో నోరు ఆగితే చెయ్యి ఆగుతుంది. చెరువు దగ్గర నోరు మూసుకునేసరికి చేతులు వాటంతట అవే జేబులోంచి కత్తెర తీసి గాల్లో ఆడించేవి, చిక్ చిక్ చిక్. ఆ చప్పుడుకి నీటికోళ్ళన్నీ రెల్లులోకి దూరేవి. పైగా ఎదురుగా ఉన్న పిట్టని చూడటం ఆయనకి అలవాటు లేని పని. జోడు కళ్ళకి పెట్టుకోగానే ఆకులన్నీ ఒకటే ఆకయ్యేవి. అందరూ "అదిగో" అని చెయ్యి ఊపాక ఆయన "ఏదీ?" అనేసేవాడు, బయటికే. టీచరమ్మ వేలు పెదాల మీద పెట్టుకునేది. అప్పటికి పిట్ట ఊరు దాటేది.

ఇలా అయిదు ఆదివారాలు గడిచాయి. రిజిస్టరులో "చూసినవారు" అనే గడిలో తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది పేర్లు ఉన్నాయి. మావయ్యది లేదు. ఆయన ఒకసారి దొంగచాటుగా తిరగేసి చూశాడు కూడా.

"ఫ్లాస్కు మోస్తే మోశారు, నా చేతి సంచులు మోయడం లేదూ?" అంది మావయ్య భార్య. షాపు వెనకే ఇల్లు. మధ్య తలుపులోంచి ఆవిడ సగం మాటలు, సగం గిన్నెల చప్పుడు వస్తూ ఉంటాయి.

"సంచికీ ఫ్లాస్కుకీ తేడా లేదుటే? అది ఓడిపోయిన ఫ్లాస్కు!"

ఇది ఇలా ఉండగా వీధిలో కంపు మొదలైంది. ఏదో చచ్చి, చచ్చినదాని మీద ఇంకోటి చచ్చినట్టు కంపు. షాపుకి ఎదురుగా పాత కాగితాల గోడౌను ఉంది. దాని గోడకి మనిషెత్తుకి మరో చేయెత్తున వాననీళ్ళు పోవడానికి వదిలిన ఏడు కన్నాలు వరసగా ఉంటాయి. కంపు అటు నుంచే. కుర్చీలో కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకుంటే మీసం కత్తిరించడం కుదరదు. మావయ్య విసుగెత్తి స్వయంగా గోడౌను మేనేజరు దగ్గరికెళ్ళి, "ఆ కన్నాల్లో ఎలుకలో ఏవో చచ్చినట్టున్నాయండీ, సిమెంటు పెట్టి మూయించండి, పుణ్యముంటుంది" అని బతిమాలి వచ్చాడు. మేనేజరు, "మంగళవారం మేస్త్రిని పంపిస్తా" అన్నాడు.

అన్న రెండోరోజున, ఒకాయన మెడ వెనక గీస్తూ మావయ్య తలెత్తేసరికి అద్దంలో ఒక దువ్వెనపిట్ట. గోధుమరంగు ఒళ్ళు, రెక్కల మీద నలుపు తెలుపు చారలు, కొడవలిలా వంగిన పొడుగు ముక్కు, నెత్తిన దువ్వెన గుచ్చుకున్నట్టు జుట్టు. వాలగానే ఆ జుట్టు విసనకర్రలా విప్పింది, మళ్ళీ ముడిచింది. నూనె రాయకుండా, నీళ్ళు చల్లకుండా అంత ఒద్దికగా నిలబడే క్రాపు మావయ్య తన చేతి మీదుగా ఒక్కడికీ తేలేకపోయాడు. నోట్లో పురుగుతో అది కుడి నుంచి మూడో కన్నం దగ్గరికెళ్ళింది. లోపల్నుంచి చీ చీ చీ అని పిల్లల గోల. పురుగిచ్చింది, వెళ్ళిపోయింది. ఏడు నిమిషాలకి మళ్ళీ వచ్చింది.

మావయ్య చేతిలో బ్లేడు అలాగే ఆగిపోయింది. కంపు ఎలుకలది కాదు. శత్రువులు దగ్గరికి రాకుండా గూటినే కంపుచేసుకునే ఈ పిట్ట పిల్లలది. వాటిని మూసెయ్యమని పుణ్యం పేరు చెప్పి బతిమాలినది తను.

మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన నవ్వి, "నిన్న మూయమన్నావు, ఇవాళ తెరవమంటున్నావు, నీ కత్తెరలాగే ఉంది నీ మాట. మీ బృందం వాళ్ళ దగ్గర్నుంచి కాగితం తే, చూద్దాం" అన్నాడు. కాగితం కావాలంటే రిజిస్టరులో ఎక్కాలి. రిజిస్టరులో ఎక్కాలంటే ఇంకో జత కళ్ళు కావాలి.

ఆరో ఆదివారం బృందం మొత్తం చెరువు మానేసి ఆ వీధికే వచ్చింది. తొమ్మిదిమందీ గోడ ముందు వరసగా నిలబడి జోళ్ళు ఎత్తారు. మావయ్య కుడి నుంచి మూడో కన్నాన్ని వేలుపెట్టి మరీ చూపించాడు. గంటసేపు చూశారు. కన్నం కన్నంలాగే ఉంది. అంతమంది గుడ్లు మిటకరించి చూస్తుంటే ఏ తల్లి ఇంటికొస్తుంది? దువ్వెనపిట్ట దూరంగా మేడ పిట్టగోడ మీద కూర్చుని, పురుగు నోట కరుచుకుని, వీళ్ళెప్పుడు కదులుతారా అని చూస్తూ ఉంది. అటు ఎవరూ తిరగలేదు.

"పొద్దున కూడా వచ్చిందండీ! నేను అద్దంలో..." అని మావయ్య నోరు విప్పబోతే టీచరమ్మ వేలు పైకి లేచింది. రూలు రూలే. గేటు లేకపోయినా రూలే.

వీధి మలుపు తిరిగాక ఆవిడ నోరు తెరిచింది. "ఏమయ్యా, పేరు రిజిస్టరెక్కాలన్న తాపత్రయం ఉండొచ్చు. కానీ లేని పిట్టని ఎక్కించడం తగదు. నా రిజిస్టరులో ఊహలకి గడి లేదు."

"ఊహ ఇంత కంపు కొడుతుందా టీచరమ్మగారూ?"

ఆవిడ రిజిస్టరు మూసి ముందుకి నడిచింది. పళ్ళ డాక్టరు మాత్రం ఓదార్పుగా భుజం తట్టాడు. తట్టిన తరవాత, వచ్చే ఆదివారానికని ఫ్లాస్కు చేతికిచ్చాడు.

సోమవారమంతా మావయ్య గీసిన ప్రతి గెడ్డానికీ ఒక గాటు పడింది. సాయంత్రం మేస్త్రి ఇంటికెళ్ళాడు. మేస్త్రి, మావయ్య చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

"బావా, రేపు ఏడు కన్నాలూ మూయకు. ఒక్కటి వదిలెయ్. కుడి నుంచి మూడోది."

"మేనేజరు ఏడన్నాడు."

"లెక్కపెడతాడా ఆయన? నీకు నెలరోజులు గెడ్డం నా చేత్తో నున్నగా గీస్తా."

"నాకు గెడ్డమే ఉండాలని మీ చెల్లెలు అంటుంది. సరేలే బావా, నీకోసం. కుడి నుంచి మూడోది. సుద్దముక్కతో గుండ్రంగా గీసి మరీ వదిలేస్తా."

ఆ రాత్రి మావయ్య గురకపెట్టి నిద్రపోయాడు.

మంగళవారం పొద్దున్న పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. మెడకి గుడ్డ, ముఖమంతా నురగ. ఎదురుగా నిచ్చెన వేసుకుని మేస్త్రి పని మొదలుపెట్టాడు. ఒక కన్నం మూశాడు, రెండోది మూశాడు. మావయ్య కులాసాగా కుడిచెంప దించుతూ అద్దంలోకి చూశాడు. మేస్త్రి నిచ్చెన జరిపాడు. ఎక్కడికి? సరిగ్గా దువ్వెనపిట్ట ఇంటి కిందికి.

"ఓరి నీ తాపీ తగలెయ్యా!" అని బ్లేడుతో సహా బయటికి ఉరికాడు. "బావా! ఆగు! వదలమన్నది అదే కదా!"

మేస్త్రి నిచ్చెన మీంచి తిరిగి చూశాడు. "వదలమన్నది కుడి నుంచి మూడోది. అదిగో, సుద్దగీత కూడా ఉంది చూడు. ఇది ఎడమ నుంచి మూడోది. పొద్దున్నే ఏమైంది నీకు?"

మావయ్య బ్లేడుతో చూపిస్తూ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నిజమే. సుద్దగీత కుడివైపునే ఉంది. మేస్త్రి ఎడమవైపు ఉన్నాడు. "పొరపాటు బావా, కానియ్" అని లోపలికొచ్చాడు.

అద్దంలో చూస్తే మేస్త్రి మళ్ళీ కుడివైపు!

రెండోసారి ఉరికాడు. బయట ఎడమ. లోపలికొచ్చాడు. కుడి. డాక్టరు సగం గెడ్డంతో కుర్చీలో అటూ ఇటూ తల తిప్పుతున్నాడు. మూడోసారి మావయ్య తెలివిగా ఆలోచించి, కుడిచెయ్యి గట్టిగా పైకెత్తి పట్టుకుని, దారిలో అది ఎడమ అయిపోకుండా కనిపెట్టుకుంటూ, అడుగులో అడుగేసుకుంటూ బయటికెళ్ళాడు. చెయ్యి కుడిగానే ఉంది. సుద్దగీత కూడా కుడిగానే ఉంది.

మధ్య తలుపులోంచి భార్య తొంగిచూసింది. "డాక్టరుగారూ, మా ఆయన చెయ్యెత్తుకుని వీధిలోకెందుకు వెళ్ళారు?"

డాక్టరు అద్దంలోకి చూస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తీగ మీద దువ్వెనపిట్ట. జుట్టంతా విప్పి, నోట్లో పురుగు వేలాడుతుండగా, మేస్త్రి నిచ్చెన ఉన్న కన్నం వైపే చూస్తోంది. ముందుకి ఎగరబోతుంది, తాపీ చూసి వెనక్కి వాలుతుంది.

"మావయ్యా!" అని ఆయన పెట్టిన కేకకి నురగ అద్దం మీద పడింది. "నువ్వు కన్నాలు లెక్కపెట్టింది ఎక్కడ నిలబడి?"

"ఎక్కడేమిటండీ, ఇక్కడే. అద్దంలో" అన్నాడు మావయ్య, ఎత్తిన చెయ్యి దించకుండానే లోపలికొచ్చి.

"అద్దంలో కుడి అంటే బయటికెళ్ళి గోడకెదురుగా నిలబడితే ఎడమయ్యా పిచ్చి మావయ్యా! రోజంతా నోళ్ళలో చిన్న అద్దం పెట్టి బతికేవాణ్ణి, నన్నడగొచ్చుగా! కొత్తలో నేనూ అలాగే ఒకాయనకి పుచ్చుపన్ను వదిలేసి పక్కింటి పన్ను పీకాను. ఆయన ఇప్పటికీ నాకు కనిపిస్తే నోరు మూసుకుని నవ్వుతాడు."

బోర్డుల మీది అక్షరాలు తిరగబడతాయని ముప్పై నాలుగేళ్ళుగా తెలిసిన మనిషికి, కన్నాలు కూడా తిరగబడతాయని అప్పుడు తట్టింది. తట్టిన వెంటనే నెత్తిమీద కొట్టుకున్నాడు. బ్లేడు ఉన్న చేత్తో కాదు, అదృష్టం.

ఇద్దరూ బయటికి పరిగెత్తారు. మేస్త్రి తాపీ మీద సిమెంటు ముద్ద కన్నానికి బెత్తెడు దూరంలో ఉంది.

"ఆపు బావా! నేను తప్పు చెప్పాను, నువ్వు ఒప్పు విన్నావు!"

"నాలుగుసార్లు ఆపావు. కలిపిన సిమెంటు నీకోసం ఆగదు, అరగంటలో రాయైపోతుంది. కాగితమైనా ఉందా?"

డాక్టరు నురగ ముఖానికి ఫోను ఆనించుకుని టీచరమ్మకి చేశాడు. ఆవిడ పది నిమిషాల్లో రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చింది. డాక్టరు సగం ముఖం చూసి ఒక్క క్షణం తటపటాయించి, "చూశారా?" అంది.

"చూశానండీ. అద్దంలో."

"అద్దంలో చూసింది చూసినట్టు కాదు. నీడ అది."

"మీ జోడులో మాత్రం ఏముందండీ, గాజుముక్కలేగా! గాజులోంచి చూస్తే పిట్ట, గాజులో చూస్తే నీడా?" అన్నాడు మావయ్య. టీచరమ్మకి అడ్డు చెప్పడం ఆయన జన్మలో మొదటిసారి. చెప్పాక రెండడుగులు వెనక్కి కూడా వేశాడు.

ఆవిడ రూల్సు కాగితం తీసి చదివింది. అద్దం గురించి అందులో ఏమీ లేదు. మడిచింది. "సరే, నేను చూస్తాను. ఎక్కడ కూర్చోవాలి?"

మేస్త్రిని నిచ్చెనతో సహా పక్కకి పంపి, గోడౌను అరుగు మీద కూర్చోబెట్టారు. టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. మావయ్య ఆవిడ మెడకి గుడ్డ కట్టాడు.

"ఇదెందుకు?"

"షాపు మామూలుగా కనబడకపోతే పిట్టకి అనుమానం వస్తుందండీ. వెనక్కి తిరిగి పని చేసుకునేవాళ్ళంటే దానికి భయం లేదు. నేను ఊరికే కత్తెరాడిస్తూ ఉంటాను."

"జుట్టు తగిలితే చూడు!"

"గాల్లోనే, గాల్లోనే."

చిక్ చిక్ చిక్. ఒక నిమిషం. మూడు నిమిషాలు. అరుగు పక్కన సిమెంటు బిగుసుకుంటోంది. మావయ్య అద్దంలో తీగనే చూస్తున్నాడు. ఇవాళ రాకపోతే ఆ పిల్లల్ని బతికుండగా గోడలో పెట్టించినవాడు తనే అవుతాడు. ఫ్లాస్కు సంగతి ఆయన మరిచేపోయాడు.

దువ్వెనపిట్ట వచ్చింది. తీగ మీద వాలింది. జుట్టు విప్పింది. అటూ ఇటూ చూసి, నిచ్చెన లేదని రూఢి చేసుకుని, నేరుగా కన్నం అంచుకి వాలింది. లోపల్నుంచి ఎర్రగా నోళ్ళు బయటికొచ్చాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మావయ్యకి ఒళ్ళు పులకరించింది. చెయ్యి కూడా పులకరించింది. చిక్.

టీచరమ్మ పిలకంత జుట్టు ఒడిలో పడింది.

ఆవిడ అద్దంలో అంతా చూసింది. జుట్టు పడటం చూసింది, మావయ్య ముఖం తెల్లబడటం చూసింది. కానీ పిట్ట ఇంకా గూటి దగ్గరే ఉంది. గూటి దగ్గర పిట్ట ఉండగా మాట్లాడకూడదు. ఆ రూలు పెట్టింది ఆవిడే. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి, ముక్కుపుటాలు అదిరాయి, పెదాలు బిగిశాయి. పిట్ట తీరిగ్గా నాలుగు నోళ్ళకీ పంచి, ముక్కు గోడకి తుడుచుకుని, ఎగిరిపోయింది.

"ఏమయ్యా," అంది టీచరమ్మ అప్పుడు చాలా నెమ్మదిగా, "అది గాలా?"

"కాదండీ. మీదండీ."

ఆవిడ ఒడిలో జుట్టు చూసుకుంది, అద్దంలో కన్నం చూసింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ముందు పళ్ళు కనబడకుండా, తరవాత కనబడుతూ, ఆ తరవాత గుడ్డతో కళ్ళు తుడుచుకుంటూ. "నాలుగు పిల్లలయ్యా! అంత బుజ్జి నోళ్ళు! ఆ కంపు చూడు, ఆ అందం చూడు! ముప్పై ఏళ్ళ నుంచి పుస్తకంలో బొమ్మే చూశాను దీన్ని."

గుడ్డ విప్పకుండానే ఒక కాగితం చింపి రాసింది: "ఎడమ నుంచి మూడో కన్నంలో నాలుగు పిల్లలున్నాయి. ఎగిరిపోయేదాకా ముయ్యరాదు." కింద సంతకం, బృందం ముద్ర. "ఎడమ" కింద రెండు గీతలు. డాక్టరు దాన్ని అరుగు దగ్గరికి తీసుకెళ్ళాడు. మేస్త్రి చదువుకుని, "ఈ ముక్క ముందే ఉంటే నాకు నిచ్చెన దిగే పని ఉండేదా" అని మిగిలిన సిమెంటు సుద్దగీత ఉన్న కన్నంలో కొట్టేశాడు.

ఇక రిజిస్టరు తెరిచింది టీచరమ్మ. తేదీ. సమయం. స్థలం అన్న గడిలో కాసేపు ఆలోచించి "సెలూను కుర్చీ" అని రాసింది. పిల్లలు నాలుగు. చూసినవారు...

కలం ఆగింది. "అందరూ కత్తెర మావయ్యా అంటారు. నీ అసలు పేరేమిటయ్యా?"

మావయ్య తడబడ్డాడు. ఆ పేరుతో ఆయన్ని పిలిచి చాలా ఏళ్ళయింది. నిటారుగా నిలబడి, ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఆవిడ గుండ్రంగా, విడివిడిగా రాసింది.

"ఒక్కసారి చదవండి టీచరమ్మగారూ."

చదివింది.

"ఏమే, ఇలా రా! ఇంకొక్కసారి చదవండి, మా ఆవిడ వినలేదు."

మళ్ళీ చదివింది. భార్య తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి తల వంచి చూసింది. డాక్టరు సగం గెడ్డంతోనే తల దూర్చి, తన పేరు రెండోది కాబట్టి స్పెల్లింగు సరిచూసుకున్నాడు. నాలుగు తలలూ రిజిస్టరు మీదికి వంగి, అక్షరం అక్షరం వేలుపెట్టి చూస్తున్నంతసేపట్లో దువ్వెనపిట్ట మూడుసార్లు వచ్చి మూడుసార్లు వెళ్ళింది. ఒక్కళ్ళూ చూడలేదు.

మళ్ళీ అరుగెక్కిన మేస్త్రి చూశాడు. కానీ ఆయన మెంబరు కాడు.